సుప్రభాతమును మధ్యలో త్రుంచవలసి వచ్చిన వేళ

రామగుండము ప్రాంతమందలి ఒక దేవాలయమున ఒకనాటి రాత్రి పవళింపు సేవ జరుగుచుండెను. స్వామికి పాలు నివేదింపబడినవి. పెద్ద దీపములు ఆర్పి చిన్న దీపమొక్కటి ఉంచిరి. ఊయలలో శయనించిన ఉత్సవమూర్తికి అర్చకస్వామి మెల్లని స్వరముతో లాలి పాడుచుండెను. పదిపదునైదుమంది భక్తులు చేతులు జోడించి నిలిచియుండిరి. ఆ నిశ్శబ్దమున ఒక భక్తుని జేబునుండి శ్రీవేంకటేశ్వర సుప్రభాతము బిగ్గరగా మ్రోగెను. నిదురపుచ్చు వేళ మేలుకొలుపు వినవచ్చినది. ఆ భక్తుడు కంగారుపడి, చరవాణిని తడుముకొని, ఒక పదము సగములో ఉండగనే ఆ పాటను నొక్కివేసెను. వెనుకనున్న యువకులు నవ్వు ఆపుకొనలేకపోయిరి. ఆయన తలవంచుకొని వెలుపలికి పోయెను.

ఆయన అపచారము చేయదలచినవాడు కాడు. బొగ్గుగనిలో ఉద్యోగము చేసికొనుచు, వేకువనే స్నానమాచరించి, నుదుట తిరుచూర్ణము ధరించి గాని ఇల్లు వెడలని భక్తుడు. దినమునకు ఇరువది పర్యాయములు చరవాణి మ్రోగినచో ఇరువది పర్యాయములు స్వామి పాట చెవిని పడునుగదా యను ప్రీతితో దానిని రింగ్‌టోనుగా పెట్టుకొనెను. నేడు మన గృహములలో ఇట్టివారు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. ఒకరి చరవాణిలో గాయత్రి, ఒకరి చరవాణిలో హనుమాన్ చాలీసా, ఒకరి చరవాణిలో రుద్రము, వేరొకరి చరవాణిలో రామదాసు కీర్తన. అందరిదియు భక్తియే. కాని భక్తితో చేసిన ప్రతి కార్యమును భక్తికి మేలు చేయునా? ఈ ప్రశ్నను సాధకులు శాంతచిత్తముతో విచారింపవలసియున్నది. ఇది నవ్వులాటకు విడువదగిన విషయము కాదు. కోపించి ఖండింపదగినదియు కాదు.

మొదట రింగ్‌టోన్ యొక్క స్వభావమును పరిశీలింతము. ప్రతి వస్తువునకును ఒక ధర్మమున్నది. అగ్నికి దహనము, జలమునకు ద్రవత్వము ఎట్లో, రింగ్‌టోనునకు ఆపబడుట అట్లు. అది వినుటకై మ్రోగదు, ఎత్తుటకై మ్రోగును. ఎంత శీఘ్రముగా ఆగిన అంత సఫలమైనట్లు. భారత టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2019 నవంబరు నెలలో ఒక నిర్ణయము చేసినది. పిలుపును ఎవరును ఎత్తక, ఎవరును నిరాకరింపకయున్నచో చరవాణి 30 సెకండ్లు, ఇంటిలోని స్థిరవాణి 60 సెకండ్లు మ్రోగవలెనని దాని సారాంశము. అనగా ఎంత ప్రియమైన పాటయైనను, యజమాని ఎంత ఆలసించినను, ఆ పాటకు లభించు పూర్ణాయువు అర్ధనిమిషము. సాధారణముగా నాలుగైదు సెకండ్లకే దాని కంఠము నొక్కబడును.

ఇప్పుడు సుప్రభాతమును గూర్చి తలంపుడు. పదునైదవ శతాబ్దమున మణవాళ మహాముని శిష్యులైన ప్రతివాది భయంకరము అణ్ణన్ స్వామి దానిని రచించిరి. సుప్రభాతము 29 శ్లోకములు, స్తోత్రము 11, ప్రపత్తి 16, మంగళాశాసనము 14, వెరసి 70 శ్లోకములు. ఈ నాలుగు భాగములును నాలుగు మెట్లు. మొదట స్వామిని మేల్కొలుపుట. మేల్కొన్న స్వామిని స్తుతించుట. స్తుతించిన పిమ్మట ఆయన చరణములను శరణు పొందుట. శరణు పొందిన పిమ్మట ఆయనకే మంగళము పలుకుట. శరణాగతి మూడవ మెట్టున ఉన్నది. రింగ్‌టోనుగా మారిన సుప్రభాతము ఏనాడును ఆ మెట్టును చేరదు. మొదటి శ్లోకము దాటుటయే అరుదు. స్వామిని లెమ్మని పిలిచి, ఆయన కన్ను తెరచులోపల మనము 'హలో' యని మొగము త్రిప్పుకొనుచున్నాము. ఇంటికి వచ్చిన అతిథిని గడపయొద్దనే నిలిపి, మాట సగములో నుండగా తలుపు వేసికొనుట వంటిదే ఇది. దినమునకు ఇరువది పర్యాయములు అట్లు చేసి, ఇరువది పర్యాయములు ఆతిథ్యమొసగితిమని సంతసించుచున్నాము.

మరియొక విశేషము కలదు. ఆ మొదటి శ్లోకము వాల్మీకి రామాయణమునందలిది. బాలకాండమున ఇరువది మూడవ సర్గలో కానవచ్చును. యాగరక్షణకై రామలక్ష్మణులను వెంటగొని పోవుచున్న విశ్వామిత్ర మహర్షి, సరయూతీరమున తృణశయ్యపై నిదురించిన బాలరాముని ఉషఃకాలమున మేల్కొలిపిన సందర్భమది. తల్లి కౌసల్యను స్మరించి, తెల్లవారుచున్నదని తెలిపి, చేయవలసిన ఆహ్నికమును గుర్తుచేసి లెమ్మని మహర్షి పలికెను. రాజభవనమున హంసతూలికాతల్పముపై పరుండిన బాలుడు ఆనాడు గడ్డిపై పరుండినాడు. ముందు తాటకావధ యున్నది, యాగరక్షణ యున్నది. కావున అది కేవలము మధురగీతము కాదు, కర్తవ్యమునకు పిలుపు. అరణ్యవాసకాలమున శ్రీరాముడు సంచరించెనని చెప్పుకొను రాముని గుండములవలన రామగుండమునకు ఆ పేరు వచ్చినదని ఈ ప్రాంతపు స్థలపురాణము. ఆ రాముని పేరు మోయు ఊరిలో, రాముని కర్తవ్యోన్ముఖుని చేసిన వాక్యము, ఎవరో అప్పు తీర్చుమని పిలిచినను, ఎవరో ఏదో అమ్మజూచినను ఒకే తీరున మ్రోగుచున్నది.

తిరుమల క్షేత్రముననే సుప్రభాతమునకు కాలనియమమున్నది. ధనుర్మాసమున స్వామి సన్నిధిలో సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినిపింతురు. ఉదయము మేలుకొలుపు, రాత్రి ఏకాంతసేవ. దేని వేళ దానిదే. స్వామి సన్నిధిలోనే అంతటి నియమము పాటింపబడుచుండగా, మన జేబులోని యంత్రమునకు మాత్రము మధ్యాహ్నమును, అర్ధరాత్రమును, భోజనశాలయు, శౌచాలయమును సమానము. శవయాత్రలో నడచువాని జేబులోను అది శుభోదయమనియే పాడును.

ఒక గానములోని శకలమును పదేపదే పిలుపునకు వాడినచో ఆ గానమున కేమగునో లోకము ఇదివరకే చూచినది. స్పెయిన్ దేశీయుడైన ఫ్రాన్సిస్కో తారెగా యను గిటారు విద్వాంసుడు 1902లో 'గ్రాన్ వాల్స్' అను కృతిని కూర్చెను. అందలి కొన్ని స్వరములను నోకియా సంస్థ తన చరవాణులకు పిలుపుధ్వనిగా గ్రహించినది. 1994నుండి ఆ స్వరముల తునక భూగోళమంతట మ్రోగినది. ఆ తునకను గుర్తింపనివారు అరుదు. ఆ కృతిని సంపూర్ణముగా వినినవారు అంతకన్న అరుదు. నేడు ఎవరైనను ఆ కృతిని సభలో వాయించినచో, ఆ స్వరములు రాగానే శ్రోతలు తమ జేబులు తడుముకొందురు. అది లౌకిక సంగీతము, దానికి కలిగిన నష్టము లౌకికము. భగవత్కీర్తనకు అదే గతి పట్టినచో, ఆలయమున సుప్రభాతము విననైనంతనే భక్తుని చేయి నమస్కారమునకు గాక జేబునకు పోవును. ఇది ఊహ కాదు. ఏ ఆలయమునకైనను వేకువజామున పోయి చూచినచో కానవచ్చును.

ఇచట పూర్వపక్షమొకటి బలముగా నిలుచును. దానిని దాటక సిద్ధాంతము చేయరాదు. శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమునందలి అజామిళోపాఖ్యానము భక్తులందరెరిగినదే. కన్యాకుబ్జమున వసించిన ఆ బ్రాహ్మణుడు ధర్మభ్రష్టుడై, అవసానకాలమున యమదూతలను గాంచి భయపడి, తన కడగొట్టు కుమారుని 'నారాయణా' యని పిలిచెను. కుమారుని పిలిచినను భగవన్నామమేగదా యని విష్ణుదూతలు వచ్చి వానిని విడిపించిరి. సంకేతముగా పలికినను, పరిహాసముగా పలికినను, తెలిసి పలికినను తెలియక పలికినను నామము పాపమును దహించునని విష్ణుదూతలే అచట వాదించిరి. అట్లయినచో, చరవాణి మ్రోగుటవలననైనను నామము చెవిని పడుట మేలే గదా? అర్థనిమిషమైన నేమి, అర్ధాక్షరమైన నేమి?

ఈ వాదమున సత్యమున్నది. నామమహిమను శంకించువాడు వైష్ణవుడును కాడు, శైవుడును కాడు. చరవాణిలో మ్రోగిన నామము వ్యర్థమని ఎవరును పలుకరాదు. అయినను అజామిళుని కథను చివరివరకు చదువవలెను. పలువురు విష్ణుదూతలు వచ్చినంతవరకే చెప్పి ముగింతురు. ఆ దూతలు వానిని వెంటనే వైకుంఠమునకు కొనిపోలేదు. పాశములనుండి విడిపించి అంతర్హితులైరి. అజామిళుడు లేచి కూర్చుండి తన జీవితమును తలచుకొని పరితపించెను; ఇల్లును, బంధములను విడిచి గంగాద్వారమునకు పోయెను; ఇంద్రియములను నిగ్రహించి, భగవంతునియందు మనస్సును నిలిపెను. అటుపిమ్మటనే ఆ దూతలు మరల వచ్చిరి. తెలియక ప్రారంభమైన నామమును అతడు తెలిసి పూర్తిచేసెను. కథయందలి మర్మమిది. నామము తలుపు తెరచినది; లోనికి నడచినవాడు అజామిళుడు.

వేరొక భేదమును కలదు. అజామిళుడు తన నాలుకతో, తన ప్రాణభయముతో పిలిచెను. చరవాణి మ్రోగినప్పుడు పిలుచునది యంత్రము. మన నాలుక మౌనముగ నుండును, మన మనస్సు 'ఎవరై యుందురు' అని అద్దముపైని పేరును చూచుచుండును. నామము వినబడుచున్నను శ్రవణము జరుగుట లేదు. నవవిధభక్తులలో మొదటిది శ్రవణము; చెవికి శబ్దము సోకినంతమాత్రాన అది సిద్ధింపదు. తెలియక తాకినను అగ్ని కాల్చును, నిజమే. అంతమాత్రమున అగ్నిని ఆటవస్తువును చేయుదుమా? దాని శక్తి తెలిసినవాడే దానిని కుండమున నిలిపి ఆరాధించును.

మంత్రముల విషయమున నియమము మరింత కఠినము. నామమునకు దేశకాలనియమములు లేవని పెద్దలు అనుగ్రహించిరి. వేదమంత్రమునకు అట్లు కాదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ఉచ్చారణకు ఆరు అంగములను చెప్పినది: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. కడపటిదైన సంతానమనగా అవిచ్ఛిన్నత. ఒక వర్ణము మరియొక వర్ణముతో తెగక కలసి సాగుట. మధ్యలో నొక్కి ఆపుటకే నియోగింపబడిన రుద్రమునందు, పురుషసూక్తమునందు ఈ సంతానము ఎక్కడిది? స్వరము ఒక్కటి తప్పినందున త్వష్ట చేసిన హోమము విపరీతఫలమిచ్చి వృత్రుడు ఇంద్రుని చేతిలో హతుడైన వృత్తాంతమును వేదపాఠశాలలో బాలునకు మొదటి యేటనే చెప్పుదురు. స్వరము తప్పిన పాఠమునకే అంత భయపడిన సంప్రదాయమున, పాఠమునే తునకలు చేయు యంత్రమును ఏమనవలెను?

అంతేకాదు. వేదాధ్యయనమునకు అనధ్యాయములున్నవి. ప్రతిపత్తునాడు, అష్టమినాడు, ఉరుములు ఉరిమినప్పుడు, శ్మశానసమీపమున, అశుచిస్థలమున వేదమును పఠింపరాదని ధర్మశాస్త్రము. చరవాణికి తిథి తెలియదు, శౌచము తెలియదు, అనధ్యాయము తెలియదు. మంత్రపురి యని ప్రసిద్ధి పొందిన మంథని ఇచటికి దూరము కాదు. గోదావరీతీరమున తరతరములుగా వేదఘోష వినిపించిన పురమది. అచటి ఘనాపాఠులు ఒక్కొక్క పనసకు ఏండ్లు వెచ్చించిరి. వారి శ్రమఫలమును నాలుగు సెకండ్ల మ్రోతగా మార్చు స్వాతంత్ర్యము మనకు లేదు.

ఇంతవరకు శాస్త్రదృష్టి. ఈ బొగ్గునేలకు మాత్రమే చెందిన వేరొక కోణమును కలదు. అది శాస్త్రముకన్న గట్టిగా తాకును.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందిన సంస్థకు గోదావరిఖని నేడు ముఖ్యమైన నెలవు. ఈ నేలలోని బొగ్గుతో రామగుండమునందలి ఎన్.టి.పి.సి. కేంద్రము విద్యుత్తును ఉత్పాదించును. చరవాణికి ప్రాణమైన విద్యుత్తులో కొంత ఇచటిదే. కాని ఆ బొగ్గును త్రవ్వు కార్మికుడు భూగర్భగనిలోనికి దిగునప్పుడు చరవాణిని పైననే విడిచిపోవలెను. గనిలో మండు వాయువులుండవచ్చును. సాధారణ యంత్రమునందలి చిన్న నిప్పురవ్వయును ప్రాణాంతకము కావచ్చును. కావున ఆయన గని ముఖద్వారమున మైసమ్మ తల్లికి మ్రొక్కి, మస్టరు పడి, టోపీదీపము ధరించి, జేబులో పాట లేకయే చీకటిలోనికి దిగును. ఎనిమిది గంటల షిఫ్టు కాలము ఆయనకు ఇంటి పిలుపు అందదు. ఇంటివారికి ఆయన పలుకు అందదు. స్థానికులు గనిని 'బాయి' యందురు. "బాయికి పోయిండు" అను మాటలో ఎంత ధైర్యమున్నదో అంత బెంగయు ఉన్నది.

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఈ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. అట్టి దినములను చూచిన ఊరిలో, భర్త రాత్రి షిఫ్టులో ఉండగా అర్ధరాత్రమున మ్రోగు చరవాణికి అర్థము వేరు. మహానగరవాసికి అది నిద్రాభంగము. కార్మికుని ఇల్లాలికి అది గుండెపోటు.

ఈ ప్రాంతమున ఒక ఇంట జరిగినదిది. ఆ ఇల్లాలు ఇరువది యేండ్లుగా సుప్రభాతముతో దినమును ప్రారంభించునది. ప్రీతికొలది దానినే తన చరవాణిలో రింగ్‌టోనుగా కూతురిచేత పెట్టించుకొనినది. ఒకనాటి రాత్రి రెండు గంటలకు అది మ్రోగినది. గనిలో పైకప్పు పెళ్ల విరిగి భర్త కాలిపై పడినదని, ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నారని వార్త. దైవానుగ్రహమున ఆయన బ్రతికెను; కొన్ని మాసములకు నడచెను. కాని ఆమెకు వేరొక నష్టము జరిగినది. మరునాటినుండి సుప్రభాతపు మొదటి శబ్దము చెవిని పడినంతనే ఆమె చేతులు వణుకసాగినవి. ఆలయమునుండి వినవచ్చినను అంతే, ఎదురింటి టీవీలో వినవచ్చినను అంతే. చివరకు కూతురితో, "బిడ్డా, ఆ పాట తీసెయ్యే. సామి పాట ఇంటాంటే పానం దడదడ అయితాంది" అని చెప్పినది. ఇంట సుప్రభాతము ఆగిపోయినది. ఇరువది యేండ్ల నియమము ఒక్క మ్రోతతో తెగినది.

యోగశాస్త్రము దీనిని సంస్కారమనును. ఏ శబ్దముతో ఏ భావము కలసి చిత్తమున ముద్రపడునో, ఆ శబ్దము మరల వినబడినప్పుడు ఆ భావమే మేల్కొనును. ఏండ్లతరబడి ప్రశాంతితో కలసిన శబ్దమును మనము చరవాణికి అప్పగించితిమి. చరవాణి దానిని అప్పులవానితో, అధికారి కోపముతో, దుర్వార్తతో కలిపినది. పాట పాడవలెనని పెట్టుకొనినవారు పాటనే పోగొట్టుకొనుచున్నారు. రింగ్‌టోనువలన స్వామికి అపచారము జరుగునా లేదా యను చర్చ అటుండనిండు, స్వామి క్షమాసముద్రుడు. అపచారము సాధకునికే జరుగుచున్నది. కష్టకాలమున ఆశ్రయింపవలసిన శబ్దమునే కష్టమునకు దూతగా నియమించుకొనుచున్నాడు. ఆపద వచ్చిననాడు ఇక ఆమె దేనిని విని ఊరడిల్లవలెను?

మరి పిలుపునకు ఏ ధ్వని తగును? దీనికి ఉత్తరము గనిలోను ఉన్నది, గుడిలోను ఉన్నది. గనిలో తొట్లను, మనుషులను మోయు యంత్రములను నడుపుటకు గంటల సంకేతములున్నవి. ఇన్ని గంటలకు ఈ అర్థమని నియమము; కదలుచున్నప్పుడు ఒక్క గంట మ్రోగినచో ఆగవలెను. అచట ఎవరును సంకేతమును పాటగా మార్చరు. సంకేతమును విని ఆనందించుచు నిలిచినవాడు ప్రమాదమున పడును. సంకేతము సంకేతముగా ఉండవలెను, పాట పాటగా ఉండవలెనని గనికార్మికునకు ఎవరును నేర్పనక్కరలేదు. ఆయన ప్రాణములే దానిపై ఆధారపడియున్నవి.

గుడిలోను అంతే. పూజారంభమున ఘంటానాదము చేయుట దేవతల ఆగమనమునకు, దుష్టశక్తుల నిర్గమనమునకు అని సంప్రదాయము. పిలుచుటకు ఋషులు స్తోత్రమును వాడలేదు, గంటను వాడిరి. గంట మ్రోగును, పని పూర్తియైన ఆగును. దానిని మధ్యలో ఆపినను వాక్యభంగము లేదు, అర్థభంగము లేదు, స్వరభంగము లేదు. పిలుపు అయిన తరువాత స్తోత్రము మొదలగును; స్తోత్రము ఆరంభమైన తరువాత మంగళమువరకు సాగును. ఈ క్రమమును జేబులోని యంత్రమునకు అన్వయించుట కష్టమేమియు కాదు. చరవాణిలో గంటధ్వనిని పెట్టుకొనుడు. అది దైవస్మరణ కలిగించును, త్రుంచినను దోషము లేదు. ఆలయమున అడుగుపెట్టుటకు ముందు దానిని కూడ నిశ్శబ్దము చేయుడు. గర్భగుడియందలి గంట ఒక్కటి చాలును.

పాట విడువవలెనని దీని భావము కాదు. చరవాణి చెడ్డదనియు కాదు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కంఠమున గ్రామఫోను రికార్డుగా వెలువడిన సుప్రభాతము, తిరుమలకు పోలేని కోట్లాది గృహములకు తిరుమల వేకువను తెచ్చినది. అదియు యంత్రమే. ఆ యంత్రము పాటను మొదటినుండి చివరవరకు వినిపించినది. వినువారు ముగ్గు వేయుచునో, కాఫీ కాచుచునో, దీపము వెలిగించుచునో చివరవరకు వినిరి. అదే పాటను అదే చరవాణిలో వేకువన పెట్టుకొని, మంగళాశాసనము ముగియువరకు వినుడు. మొదటి షిఫ్టుకు పోవువారికి అంత వ్యవధి లేనిచో ఇల్లు వెడలుటకు ముందు ఒక్క శ్లోకమును సంపూర్ణముగా, స్వయముగా, పెదవులు కదల్చి చదువుకొనుడు. యంత్రము ఇరువది మార్లు త్రుంచిన శ్లోకముకన్న నోరు ఒక్కమారు పూర్తిచేసిన శ్లోకము మేలు. గాయత్రి, రుద్రము, సూక్తములు రింగ్‌టోనుగా ఉన్నచో నేడే తీసివేయుడు. కీర్తనలున్నచో మీ మనస్సును అడుగుడు: దీనిని చివరిసారి పూర్తిగా విని ఎంత కాలమైనది?

ఈ గోదావరియే దిగువకు ప్రవహించి భద్రాచలమును చేరును. ఆ రాముని కొలిచిన కంచెర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో పాడిన కీర్తనలన్నియు పిలుపులే. పండ్రెండేండ్లు పిలిచెనని ప్రతీతి. ఎత్తినవారు లేరని అతడు పిలుచుట మానలేదు. కీర్తన యనగా భక్తుడు భగవంతునికి చేయు పిలుపు. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని పిలుచుటకు దానిని అరువు తెచ్చుకొనుటకు ముందు ఈ మాటను ఒక్కసారి తలచుకొనవలెను.

పైని చెప్పిన ఇంట కూతురు తల్లి మాట విని చరవాణిలో గుడిగంట ధ్వనిని పెట్టినది. కాని అంతటితో ఊరకుండలేదు. తండ్రి కాలు నయమై ఇంటనున్న దినములలో, ప్రతి వేకువను తల్లిని తండ్రి ప్రక్కన కూర్చుండబెట్టి సుప్రభాతమును మొదటినుండి వినిపించినది. మొదట కొన్ని దినములు ఆమె లేచిపోయెడిది. తరువాత కన్నీటితో కూర్చుండెడిది. ఇప్పటికిని మొదటి శ్లోకమునకు ఆమె చేయి భర్త చేతిని గట్టిగా పట్టుకొనునట. శ్లోకములు ఒకటొకటిగా నడచి, మేలుకొలుపు ముగిసి, స్తుతి ముగిసి, శరణాగతి వచ్చు వేళకు ఆ పట్టు సడలునట. మంగళాశాసనమునకు రెండు చేతులు జోడించునట. ఆ మెట్లన్నియు ఎక్కనిచ్చినప్పుడే పాట తన పనిని తాను చేయును.

స్వస్తి.